మనిషి అలికిడికి జడిసే పూమా



కాలిఫోర్నియాలో పసిఫిక్ సముద్రానికి దగ్గరగా శాంతాక్రూజ్ కొండలున్నాయి. ఒకవైపు ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్ల అడవి. రెండోవైపు కొండ దిగితే సిలికాన్ వ్యాలీ దీపాలు. ఆ కొండల్లో ఒక రాత్రి. చెట్టు మొదట్లో ఎండుటాకులు గుట్టగా పోసి ఉన్నాయి. ఆ గుట్ట కింద ఒక జింక కళేబరం. దాన్ని చంపి, తినగలిగినంత తిని, మిగిలింది ఆకులతో కప్పి వెళ్ళిన జంతువు మళ్ళీ వచ్చింది. ముందుకాళ్ళతో ఆకులు పక్కకు లాగి, తల వంచి తినడం మొదలుపెట్టింది.

అంతలో పక్క చెట్టుకు కట్టిన చిన్న పెట్టెలోంచి మనిషి మాటలు వినబడ్డాయి. కేక కాదు, అదిలింపు కాదు. ఇప్పుడు రేడియోలో మీరు వింటున్నట్టే మామూలుగా మాట్లాడే గొంతు. జంతువు నమలడం ఆపింది. తలెత్తింది. చెవులు ఆ వైపు తిరిగాయి. మరుక్షణం అక్కడ జింక ఉంది, ఆకులు ఉన్నాయి, తినేది మాత్రం లేదు.

ఆ జంతువు పేరు పూమా. అరవై డెబ్భై కిలోల బరువుండి, తనకంటే పెద్ద జింకను ఒంటరిగా పడగొట్టగల వేటగత్తె. చెట్టుకు పెట్టె కట్టింది జస్టీన్ స్మిత్, క్రిస్ విల్మర్స్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ళ సహచరులు. ఆ పెట్టె మనిషి గొంతే కాదు, కొన్నిసార్లు ఆ కొండల్లో రోజూ వినబడే కప్పల బెకబెకలు కూడా వినిపించేది. 2017లో ఫలితాలు ప్రచురించారు. మనిషి గొంతు వినిపించినప్పుడు నూటికి 83 సార్లు పూమాలు తిండి వదిలేసి పారిపోయాయి. కప్పల మోతకు పారిపోయింది మొత్తం ప్రయోగంలో ఒక్కసారే. గొంతు విని వెళ్ళిన వాటిలో కొన్ని తిరిగి వచ్చినా, ఆ వేట మీద అవి గడిపిన సమయం సగానికి పైగా తగ్గిపోయింది.

అమెరికా ఖండాల్లో ఇంతగా జనం మధ్య మసలుతూ, ఇంత తక్కువగా జనం కంటపడే పెద్ద జంతువు మరొకటి ఉండదేమో. ఈ పూట మాటలన్నీ దాని గురించే.

మనలో చాలామందికి పూమా అంటే ముందు గుర్తుకొచ్చేది బూట్ల మీద దూకుతున్న పిల్లి బొమ్మ. కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళకు మరో జ్ఞాపకం ఉంటుంది. యాపిల్ కంపెనీ తన మ్యాక్ సాఫ్ట్‌వేర్‌కు పెద్దపిల్లుల పేర్లు పెడుతూ 2001లో ఒకదాన్ని పూమా అంది, 2012లో మరొకదాన్ని మౌంటెన్ లయన్ అంది. రెండూ ఒకే జంతువు పేర్లు! ఆ కంపెనీ ఉన్న కూపర్టీనో ఊరి వెనక కొండల్లోనే ఆ జంతువు తిరుగుతూ ఉంటుంది కూడా. కూగర్ అన్నా అదే, ఫ్లోరిడాలో పాంథర్ అన్నా అదే, పాతకాలపు జనం కాటమౌంట్ అన్నా అదే. ఇంగ్లీషులోనే దీనికి నలభైకి పైగా పేర్లు. అత్యధిక పేర్లున్న జంతువుగా గిన్నిస్ పుస్తకానికి కూడా ఎక్కింది. పూమా అన్న మాట మాత్రం ఆండీస్ కొండల్లోని కెచువా జనం భాషది.

పేర్లు ఇన్ని పుట్టడానికి కారణం అది తిరిగే మేర. ఉత్తరాన కెనడాలోని యూకాన్ మంచు నుంచి దక్షిణాన చిలీ, అర్జెంటీనాల కొస దాకా పూమా ఉంది. ఎడారిలో ఉంది, చిత్తడిలో ఉంది, వానాడవిలో ఉంది, పదిహేను వేల అడుగుల కొండల మీదా ఉంది. పశ్చిమార్ధగోళంలో ఇంత విస్తారమైన నేల మీద సహజంగా బతికే అడవి క్షీరదం ఇంకొకటి లేదు. భూమధ్యరేఖ దగ్గర చిన్నగా, అటూ ఇటూ చలిదేశాలకు పోయేకొద్దీ భారీగా ఉంటుంది. మగది నూరు కిలోల దాకా పెరగగలదు. ఆడది అందులో సగం, కాస్త పైన.

దీని శాస్త్రీయ నామం పూమా కాంకలర్. ఆ రెండో మాటకు ఒకే రంగు అని అర్థం. 1771లో లినేయస్ పెట్టిన మాట అది. ఇసుకరంగు, ఎండుగడ్డి రంగు, కొన్నిచోట్ల బూడిద రంగు. పొట్ట తెల్లన, తోక కొస నల్లన. మన చిరుతకున్నట్టు మచ్చలు లేవు, సింహానికున్నట్టు జూలు లేదు. ఎండలో కాగిన కొండ రాయి మీద పడుకుంటే రాయేదో పూమా ఏదో చెప్పలేం. నల్ల పూమాను చూశామని చెప్పేవాళ్ళు తరచూ కనబడతారు గానీ, నిజంగా ఒక్క నల్ల పూమా ఉన్నట్టు ఇంతవరకూ రుజువు కాలేదు.

ఇంకో విశేషం. పులి, సింహం, చిరుత గాండ్రిస్తాయి. పూమా గాండ్రించలేదు. దాని గొంతులోని నిర్మాణం మన ఇంటి పిల్లిది ఎలాంటిదో అలాంటిదే. తృప్తిగా ఉంటే గురగురమంటుంది. తల్లి, పిల్లలు పక్షి కూతల్లాంటి సన్నని ఈలలతో పిలుచుకుంటాయి. జతకట్టే రోజుల్లో ఆడది పెట్టే కేక మాత్రం విన్నవాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. అడవిలో ఆడమనిషి ఎవరో ఆపదలో ఉండి అరుస్తున్నారనుకుని పోలీసులకు ఫోన్లు చేసిన సందర్భాలున్నాయి. వంశవృక్షంలో చూసినా పూమాకు సింహం కంటే చీతాయే దగ్గరి చుట్టం.

ఇక వేట. పూమా చీతాలా మెరుపువేగంతో మైదానంలో తరమదు, తోడేలులా గుంపు కట్టి అలసిపోయేదాకా వెంటాడదు. దాని బలమంతా వెనక కాళ్ళలో ఉంది. శరీరంతో పోల్చుకుంటే పిల్లి జాతిలో అంత పొడుగాటి వెనక కాళ్ళు మరోదానికి లేవు. నిలుచున్నచోటు నుంచి పదిహేనడుగుల ఎత్తుకు ఎగరగలదు. కానీ గుండె, ఊపిరితిత్తులు దూరపు పరుగుకు సరిపడేవి కావు. అందుకే దాని పని అంతా ముందే జరిగిపోవాలి. గాలివాటు చూసుకుంటుంది. పొదచాటు నుంచి పొదచాటుకు, పొట్ట నేలకు ఆనించి జరుగుతుంది. జింక తల వంచి మేస్తున్నంతసేపూ ఒక అడుగు, రెండు అడుగులు. తల ఎత్తిందా, ఎత్తిన పాదం గాల్లోనే నిలిచిపోతుంది. అలా పొంచి పొంచి కొద్ది గజాల దూరానికి చేరాక రెండు మూడు దూకుళ్ళలో వీపు మీద ఉంటుంది. ముందరి పంజాలు భుజాన్ని, మూతిని పట్టుకుంటాయి. కోరలు మెడ వెనక ఎముకల నడుమ సందును వెతుక్కుంటాయి. పెద్ద జంతువైతే గొంతు పట్టి ఊపిరి ఆపేస్తుంది. గురి తప్పితే వెంటపడదు. పెనుగులాటలో చెట్టుకో బండకో గుద్దుకుని పూమాలే చచ్చిపోయిన సందర్భాలు కూడా పరిశోధకులు నమోదు చేశారు. ఎల్క్ లాంటి పెద్ద దుప్పి మీద దూకడం ఎప్పుడూ ప్రాణాలతో చెలగాటమే.

చంపిన చోటే తినదు. నోట కరుచుకుని నీడలోకి ఈడ్చుకుపోతుంది. పళ్ళతో వెంట్రుకలు పీకి పడేస్తుంది. పక్కటెముకల వెనక చీల్చి ముందు కాలేయం, గుండె, ఊపిరితిత్తులు తింటుంది. కడుపు నిండాక చుట్టుపక్కల ఆకులు, పుల్లలు, మట్టి, చలికాలమైతే మంచు, ఏది దొరికితే అది కాళ్ళతో లాగి కప్పుతుంది. వేడికి మాంసం పాడవకుండా, కాకులకూ రాబందులకూ కనబడకుండా ఈ జాగ్రత్త. ఒక జింక దానికి మూడు నాలుగు రోజులు వస్తుంది. వారానికో పది రోజులకో ఒక జింక చాలు. పిల్లలున్న తల్లికి అది చాలదు, ఇంకా తరచుగా వేటాడక తప్పదు.

జింకే తినాలన్న పట్టింపు మాత్రం లేదు. ముళ్ళపందిని నేర్పుగా తిరగేసి పొట్టవైపు నుంచి తినడంలో ఆరితేరిన పూమాలున్నాయి. పటగోనియాలో ఒంటె కుటుంబానికి చెందిన గ్వానాకోలు దాని ప్రధానాహారం. అర్జెంటీనా తీరాన మాంటే లియోన్ జాతీయ పార్కులో అయితే సముద్రపు ఒడ్డున గూళ్ళు కట్టుకునే పెంగ్విన్లను పట్టుకు తింటోంది. గొర్రెల కాపరులు ఒకప్పుడు ఆ తీరంలో పూమాలను తుడిచిపెట్టారు. గొర్రెలు పోయి పార్కు వచ్చాక పూమాలు తిరిగి వచ్చాయి. అవి లేని కాలంలో నేల మీద నిర్భయంగా పెరిగిన పెంగ్విన్లు వాటికి చేతికందిన కూడయ్యాయి.

పూమా వదిలిన కళేబరం దగ్గర కాసేపు కూర్చుంటే అడవి మొత్తం కనబడుతుంది. నక్క వస్తుంది, గుంటనక్కలాంటి కయోటీ వస్తుంది, ఎలుగుబంటి వచ్చి మొత్తం లాక్కుపోతుంది. దక్షిణాన ఆండీస్‌లో పదడుగుల రెక్కల కాండార్ రాబందులు దిగుతాయి. యెల్లోస్టోన్ ప్రాంతంలో మార్క్ ఎల్‌బ్రోక్, ఆయన తోటివాళ్ళు మరీ చిన్న ప్రాణుల మీద కన్నేశారు. పూమా చంపిన 18 కళేబరాల చుట్టూ వలలు పెట్టి చూస్తే 215 జాతుల పేడపురుగులు, పెంకుపురుగులు లెక్కకు వచ్చాయి. కొన్నిటికి ఆ కళేబరమే తిండి, అదే ఇల్లు, అదే పిల్లలను పెంచుకునే చోటు. ఆ మాంసం చివరికి నేలలో కలిసి, చుట్టూ మొలిచే గడ్డికి ఎరువవుతుంది.

ఈ జంతువు గురించి ఇంత తెలుసుకోగలిగామంటే దానికి మొదట మెట్లు కట్టినవాడు మారిస్ హార్నాకర్. 1964లో ఇడాహో రాష్ట్రంలో, రోడ్డన్నది లేని కొండల నడుమ, ఆయన పని మొదలుపెట్టాడు. విల్బర్ వైల్స్ అనే కొండమనిషి తన వేటకుక్కలతో తోడు వచ్చాడు. చలికాలమంతా మంచులో అడుగుజాడలు పట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడవడం, కుక్కలు తరిమితే పూమా చెట్టెక్కడం, మత్తు సూది వేసి, తాడు కట్టి దింపి, చెవికి గుర్తు తగిలించి వదిలేయడం. అదే పూమా మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో చూడటం. తరువాతి కాలంలో మెడకు రేడియో కాలర్లు వచ్చాయి. ఇప్పుడైతే ఉపగ్రహానికి తన చోటు చెప్పే కాలర్లు. ఒకే చోట గంటల తరబడి చుక్కలు గుమికూడితే అక్కడ వేట పడిందని అర్థం. శాంతాక్రూజ్‌లో పెట్టెలు ఏ చెట్టుకు కట్టాలో తెలిసింది అలాగే.

హార్నాకర్ కాలందాకా జనం అభిప్రాయం ఒకటే. పూమాలను చంపకుండా వదిలితే పెరిగిపోయి జింకల్ని ఊడ్చేస్తాయని. ఆయన చూసింది వేరు. ఒక్కో మగ పూమాకు తనదంటూ పెద్ద ఇలాకా ఉంటుంది. ఆ ఇలాకాలో రెండు మూడు ఆడవాటి ఇలాకాలు ఇమిడి ఉంటాయి. సరిహద్దుల్లో వెనక కాళ్ళతో ఆకులు వెనక్కి గీకి చిన్న గుట్ట చేసి, దాని మీద మూత్రం పోస్తుంది. ఎప్పుడు వచ్చింది, ఎవరు వచ్చారు, ఆడదా మగదా, జతకు సిద్ధమా అన్నది వాసన చూసి తరువాతి పూమా చదువుకుంటుంది. చాలాసార్లు పోట్లాట లేకుండానే పక్కకు తప్పుకుంటుంది. ఆ ఇలాకాల వల్ల ఒక కొండలో పూమాల సంఖ్య దానంతటదే ఒక హద్దులో ఉండిపోతోంది. హార్నాకర్ చెప్పిన ఈ మాట అప్పట్లో చాలామందికి కొత్త.

ఒంటరి అన్న పేరును కూడా కొంచెం సవరించుకోవలసి వచ్చింది. వయోమింగ్ కొండల్లో కాలర్లు, కెమెరాల సాయంతో చేసిన పరిశీలన 2017లో వచ్చింది. ఒకదాని వేట దగ్గరికి మరో పూమా వస్తే తరిమేస్తుందనుకున్నారు. చాలాసార్లు రెండూ అదే జింకను పంచుకు తిన్నాయి. ఈ వారం పెట్టినది మరోసారి పెట్టించుకుంటుంది. ఎవరు ఎవరికి పెట్టారో గుర్తుంచుకుంటున్నట్టే కనబడింది. ఆడవి రక్తసంబంధం లేని ఆడవాటికీ పెట్టాయి. మగవాటికి పెట్టినది మాత్రం అంతగా తిరిగి రాలేదట!

తల్లి సంగతి. పూమాకు ఫలానా ఋతువులోనే ఈనాలన్న నియమం లేదు. మూడు నెలలు మోసి రెండో మూడో పిల్లల్ని కంటుంది. బండల సందులోనో, దట్టమైన పొదలోనో. ఒళ్ళంతా నల్లమచ్చలు, నీలిరంగు కళ్ళు. పెద్దయ్యాక ఆ మచ్చలు మాసిపోతాయి, కళ్ళు బంగారు రంగుకు తిరుగుతాయి. పెంపకమంతా తల్లిదే. వేటకు పోయేటప్పుడు పిల్లల్ని దాచి పోతుంది, వేట పడ్డాక వచ్చి వెంటబెట్టుకుపోతుంది. ఏడాదిన్నర, రెండేళ్ళకు పిల్లలు విడిపోతాయి. ఆడపిల్ల తల్లి ఇలాకాకు దగ్గరలోనే చోటు చూసుకుంటుంది. మగపిల్లకు ఆ వెసులుబాటు లేదు. అక్కడి మగపూమా దాన్ని బతకనివ్వదు. పోవాల్సిందే.

2020 అక్టోబరులో యూటా రాష్ట్రంలోని ప్రోవో పట్టణం దగ్గర ఒక యువకుడు కొండదారిలో పరుగెత్తుతున్నాడు. ముందు ఏవో చిన్న పిల్లులు కనబడితే ఫోను తీసి వీడియో పట్టాడు. అవి పూమా పిల్లలు. వెంటనే తల్లి దారి మీదికి వచ్చింది. ఆ తరువాతి ఆరు నిమిషాలు ప్రపంచమంతా చూసింది. అతను వెనక్కి వెనక్కి అడుగులు వేస్తుంటే, ఆమె పళ్ళు బయటపెట్టి, ముందుకాళ్ళు నేలకేసి కొడుతూ, ఉత్తుత్తి దూకుళ్ళు దూకుతూ వెంట వచ్చింది. చూసినవాళ్ళు వేటాడుతోందనుకున్నారు. తెలిసినవాళ్ళు మాత్రం వేరే చెప్పారు. వేటాడే పూమా కనబడదు, చప్పుడు చేయదు. కనబడి, చప్పుడు చేసి, భయపెట్టిందంటే పిల్లల దగ్గర్నుంచి మనిషిని దూరంగా సాగనంపుతోందని. చివరికి అతను ఒక రాయి తీసి విసిరాడు. ఆమె గిరుక్కున తిరిగి పిల్లల వైపు పరుగెత్తింది.

మనిషంటే పూమాకు ఇంత జంకు ఎందుకో చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్ళు పశువులతో పాటు బహుమతులు కూడా తెచ్చారు. పూమా తల తెస్తే డబ్బు. కాలిఫోర్నియా ఒక్క రాష్ట్రమే 1907 నుంచి 1963 దాకా పన్నెండు వేలకు పైగా పూమాలకు అలా డబ్బు చెల్లించింది. తూర్పు రాష్ట్రాల్లో అడవులు కొట్టేశారు, జింకల్ని వేటాడి తగ్గించేశారు, పూమాలను చంపేశారు. తూర్పు కూగర్ అని పిలిచే రకాన్ని 2018లో అంతరించిపోయిందని తీర్మానించి, కాపాడాల్సిన ప్రాణుల జాబితాలోంచి తీసేశారు. మరోవైపు కాలిఫోర్నియా ప్రజలు 1990లో ఓట్లేసి సరదా వేటను నిషేధించారు. చాలా పడమటి రాష్ట్రాల్లో ఇప్పటికీ లైసెన్సు తీసుకుని వేటాడవచ్చు.

ఆ జంకుకు ఖరీదు ఎవరు చెల్లిస్తారో కూడా శాంతాక్రూజ్ కొండల్లోనే బయటపడింది. ఇళ్ళు ఎక్కువగా ఉన్నచోట తిరిగే ఆడ పూమాలు, ఇళ్ళు లేనిచోట తిరిగే వాటికంటే 36 శాతం ఎక్కువ జింకల్ని చంపుతున్నాయి. కుక్క మొరుగు, కారు తలుపు చప్పుడు, మాట వినబడగానే సగంలో వదిలేసి పోతాయి. ఆకలి తీరదు కనుక మళ్ళీ వేట. 2019లో ఇంకో ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అడవిలో కొంతమేర వారాల తరబడి పెట్టెల్లోంచి మనిషి గొంతులు వినిపించారు. మనుషులెవరూ లేరు, ఒట్టి గొంతులే. పూమాలు దూరం జరిగాయి, అడుగు ఆచితూచి వేశాయి. బాబ్‌క్యాట్ అనే చిన్న అడవిపిల్లులు పగలు తిరగడం తగ్గించాయి. ఇక ఎలుకలకు పండగే. ఇదివరకు పోని చోట్లకు పోయి, ధైర్యంగా మేశాయి.

భయం ఎంత ఉన్నా మగ పూమా మనుషుల మధ్యలోంచి పోక తప్పదు. 2011 జూన్‌లో కనెక్టికట్ రాష్ట్రంలో, మిల్‌ఫర్డ్ ఊరి దగ్గర రోడ్డు మీద ఒక పూమా కారు కింద పడి చచ్చిపోయింది. ఆ రాష్ట్రంలో పూమాలు పోయి నూరేళ్ళు దాటింది. ఎవరో పెంచుకుని వదిలేసిందనుకున్నారు. డీఎన్ఏ పరీక్ష చేస్తే అది దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్‌లో పుట్టినదని తేలింది. దారిలో మిన్నెసోటాలో, విస్కాన్సిన్‌లో అది వదిలిన వెంట్రుకలు, పెంటికలు అంతకుముందే దొరికి ఉన్నాయి. అన్నీ ఒకే పూమావి. పదిహేను వందల మైళ్ళకు పైగా, తోడు కోసం వెతుక్కుంటూ వెళ్ళింది. వెళ్ళిన కొద్దీ తోడు దొరకని వైపే వెళ్ళింది.

అన్నిటికంటే పేరు పడ్డ పూమాకు మాత్రం అంత నడక నడిచే వీలే లేకపోయింది. లాస్ ఏంజెలెస్ పక్కన శాంటామోనికా కొండల్లో 2002 నుంచి జాతీయ పార్కుల శాఖ పూమాలకు కాలర్లు వేసి గమనిస్తోంది. అందులో ఇరవై రెండోది కనుక దానికి పి-22 అని పేరు. రెండేళ్ళ మగపూమా రెండు పెద్ద ఫ్రీవేలు దాటి, నగరం నడిబొడ్డున ఉన్న గ్రిఫిత్ పార్కు చేరింది. 2012 ఫిబ్రవరిలో మిగెల్ ఓర్డెన్యానా అనే జీవశాస్త్రవేత్త పెట్టిన కెమెరాకు చిక్కింది. మగపూమాకు మామూలుగా నూటయాభై చదరపు మైళ్ళు కావాలి. దీనికి దొరికింది ఎనిమిది తొమ్మిది. చుట్టూ రోడ్లు. ఆడతోడు రాదు, తాను పోలేదు. అయినా పదేళ్ళు అక్కడే బతికింది. హాలీవుడ్ అన్న పెద్ద తెల్లటి అక్షరాల కింద నడుస్తుండగా స్టీవ్ వింటర్ తీసిన ఫోటో 2013లో దాన్ని లోకప్రసిద్ధం చేసింది.

2015 ఏప్రిల్‌లో పి-22 ఒక ఇంటి నేలకింది ఖాళీలోకి దూరి పడుకుంది. టీవీ వ్యాన్లు వచ్చాయి, జనం వచ్చారు. అధికారులు టెన్నిస్ బంతులు విసిరారు, కర్రతో పొడిచారు. కదల్లేదు. చీకటి పడ్డాక అందర్నీ పంపేసి, దీపాలు ఆర్పేసి, తామూ తప్పుకున్నారు. తెల్లవారేసరికి పూమా లేదు. తనంతట తానే పార్కుకు వెళ్ళిపోయింది. అంతకు ముందు ఏడాదే ఎలుకల మందు విషం ఒంట్లోకి చేరి, గజ్జి పట్టి, వైద్యం చేయించుకుంది. 2022 డిసెంబరులో చిక్కిపోయిన ఒంటితో ఒక ఇంటి పెరట్లో పట్టుబడింది. వాహనం ఢీకొన్న దెబ్బలు, మూత్రపిండాల జబ్బు. డిసెంబరు 17న దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చారు. ఆ నగరం దానికి పెట్టిన సంస్మరణ సభకు వేలమంది టికెట్లు తీసుకున్నారు.

రోడ్ల మధ్య చిక్కుకున్న కొండల్లో ఇంకో కష్టముంది. బయటి మగవి రావు కనుక తండ్రి కూతురితో, అన్న చెల్లెలితో జతకట్టాల్సి వస్తుంది. శాంటామోనికా పూమాల్లో వంకర తోకలు కనబడ్డాయి. ఆ సూచన చూసి శాస్త్రవేత్తలకు ఫ్లోరిడా గుర్తొచ్చింది. 1990ల మొదట్లో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో మిగిలినవి ఇరవై ముప్పై. వంకర తోకలు, గుండెలో రంధ్రాలు, మగవాటిలో కిందికి దిగని వృషణాలు. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ పూమాలను తెచ్చి వదిలారు. వాటిలో ఐదు ఈనాయి. కొత్త రక్తంతో పుట్టిన పిల్లలు దృఢంగా ఎదిగాయి. ఇప్పుడు అక్కడ నూట ఇరవై నుంచి రెండు వందల ముప్పై దాకా ఉన్నాయని అంచనా. అక్కడా వాటిని ఎక్కువగా చంపేది వాహనాలే.

ఇక మనవాళ్ళు. శాంతాక్రూజ్ కొండల కిందే కూపర్టీనో, సన్నీవేల్, శాన్‌హొసేలలో తెలుగు కుటుంబాలు కొల్లలు. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తీసుకుని రాంచో శాన్ ఆంటోనియో కొండదారిలో నడకకు పోతే, మొదట్లోనే పూమా బొమ్మ వేసిన హెచ్చరిక బోర్డు. కొత్తగా వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు అది చూసి గేటు దగ్గరే ఆగిపోతారు. లెక్కలు మాత్రం అంత భయపెట్టేవి కావు. ఉత్తర అమెరికా మొత్తంలో నూటముప్పై ఏళ్ళలో పూమా దాడిలో చనిపోయినవాళ్ళు ముప్పై మంది దరిదాపుల్లో ఉంటారు. కాలిఫోర్నియాలో 2004 తరువాత అలాంటి మరణం జరిగింది 2024లోనే. అదే సమయంలో రోడ్డుకు అడ్డంగా దూకే జింకలను కార్లు గుద్దడం వల్ల అమెరికాలో ఏటా సుమారు రెండు వందల మంది చనిపోతున్నారు. పూమాలు తూర్పు రాష్ట్రాలకు తిరిగి వస్తే జింకలు తగ్గి, ముప్పై ఏళ్ళలో 155 మంది ప్రాణాలు దక్కుతాయని 2016లో కొందరు పరిశోధకులు లెక్కగట్టారు.

అయినా ఎదురుపడితే? అక్కడి అటవీ సిబ్బంది చెప్పేది ఇది. పరుగెత్తకూడదు, పరుగెత్తేది జింకే అనిపిస్తుంది దానికి. వీపు చూపకూడదు. చిన్నపిల్లలుంటే వంగకుండా, చూపు తిప్పకుండా చంకనెత్తుకోవాలి. చేతులు, చొక్కా అంచులు పైకెత్తి పెద్దగా కనబడాలి. గట్టిగా మాట్లాడాలి. మీద పడితే చేతికి ఏది దొరికితే దానితో కొట్టాలి. సాయంత్రం చీకటి పడే వేళ, తెల్లవారే వేళ ఒంటరిగా పోవద్దు, పిల్లల్ని ముందు పరుగెత్తనివ్వద్దు. గట్టిగా మాట్లాడితే పూమా ఏం చేస్తుందో ఆ చెట్టుకు కట్టిన పెట్టెలు ఇదివరకే చెప్పాయి.

పి-22 బతికుండగానే, 2022 ఏప్రిల్ 22న లాస్ ఏంజెలెస్‌కు పడమట లిబర్టీ కాన్యన్ దగ్గర ఒక వంతెనకు శంకుస్థాపన జరిగింది. పది వరుసల ఫ్రీవే, రోజుకు మూడు లక్షల వాహనాలు. వాటి పైన ఇటు కొండనూ అటు కొండనూ కలిపే వంతెన. పొడవు రెండు వందల పది అడుగులు, వెడల్పు నూట డెబ్భై నాలుగు. మనుషులు నడవడానికి కాదు, పూమాలకూ నక్కలకూ బల్లులకూ దారి ఇవ్వడానికి. 2025లో దాని మీదికి మట్టి ఎత్తారు. ఆ కొండల్లో ఏరి తెచ్చిన గింజలతో మొక్కలు దానికోసమే పెంచారు. అంచుల పొడుగునా ఎత్తైన గోడలుంటాయి. కింద పోయే కార్ల దీపాలు పైకి పడకుండా, హారన్లు, ఇంజన్ల మోత పైకి వినబడకుండా. రాత్రి వంతెన అంచున నిలబడి చెవులు రిక్కించే పూమాకు అవతలి కొండ మీది ఆకుల గలగల మాత్రమే వినబడాలని, ఇంజనీర్లు ఆ గోడల మందం, ఎత్తు లెక్కలు వేశారు.